ప్రోటాన్ ఎటు వంగింది

పక్షవాతం మాస్టారి ఎడమవైపును లాగేసింది గానీ, మాటనూ బుర్రనూ వదిలేసింది. అందుకే పరీక్షకు బయల్దేరిన మేనకోడలు భౌతికశాస్త్రం పుస్తకంతో వచ్చి ఆయన మంచం పక్కన చతికిలబడింది.

"మావయ్యా, ఈ ఒక్కటీ చెప్పు. ప్రోటాన్ తూర్పుకి పోతోంది, అయస్కాంత క్షేత్రం ఉత్తరానికి ఉంది. బలం ఎంత, ఎటు?"

మాస్టారి ముఖం వెలిగిపోయింది. మంచాన పడ్డాక మందు వేసుకున్నారా అని అడిగేవాళ్లే తప్ప, లెక్క అడిగిన నాథుడు లేడు.

"విద్యుదావేశాన్ని వేగంతో, దాన్ని క్షేత్రంతో గుణించు. రెండూ లంబంగా ఉన్నాయి కాబట్టి అంతే" అని, పుస్తకంలోని అంకెలు చూసి, సున్నాలతో సహా జవాబు నోటితోనే తేల్చేశారు. ఇక దిక్కు. చెయ్యెత్తి మూడు వేళ్లు విడదీశారు. చూపుడు వేలు క్షేత్రం వైపు, మధ్యవేలు ప్రోటాన్ పోయే వైపు తిప్పి, బొటనవేలు ఎటుందో చూశారు. "కిందికి."

"పైకి కాదా? నాకు పైకే వచ్చింది."

"నాకే పాఠం చెప్తావుటే? కిందికే. రాసుకో!"

పిల్ల నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

కాసేపటికి ఆయన భార్య తడిగుడ్డ తెచ్చి, బిగుసుకుపోయిన ఎడమచేతి వేళ్లు ఒక్కొక్కటే విప్పి తుడుస్తోంది. ఊరికే అటే చూస్తున్న మాస్టారికి అప్పుడు తట్టింది. ఆ మూడు వేళ్ల సూత్రం ఎడమచేతిది; కుడిచేత్తో చూస్తే దిక్కు తలకిందులవుతుంది. తను ఎత్తింది కుడిచెయ్యి!

"ఫోన్ చెయ్యవే! పైకి అని చెప్పు!"

"ఏమిటండీ పైకి?" అంటూనే ఆవిడ ఫోన్ కలిపింది. అవతల స్విచాఫ్. "పరీక్ష మొదలైపోయిందండీ."

మాస్టారు లేవబోయారు. ఒక కాలు కదిలింది, రెండోది మొండికేసింది. ఆవిడ పట్టుకోకపోతే కింద పడేవారే.

సాయంత్రం పిల్ల ఎగురుకుంటూ వచ్చింది. "అదే లెక్క ఇచ్చారు మావయ్యా! నువ్వు చెప్పినట్టే రాశా."

"తప్పు చెప్పానే తల్లీ. పైకే."

ఆ పిల్ల ముఖం ఒక్క క్షణం వాడిపోయింది. "పోనీలే, ఒక్క మార్కేగా" అంది, ఆయన వైపు చూడకుండా.

తర్వాతి పరీక్ష ముందు కూడా వచ్చింది. దిండు సర్ది, మంచినీళ్లు తాగించి, కిటికీ దగ్గర కూర్చుని చదువుకుంది. ఒకచోట పెన్సిల్ ఆగిపోయింది. ఎక్కడ ఆగిందో చెబుతుందేమోనని మాస్టారు మెడ ఎత్తి చూశారు. ఆ పిల్ల లోలోపలే గొణుక్కుని, పుస్తకం వెనక జవాబుల పేజీ తిప్పింది.