మూడో లొట్టి

దాసయ్య అశోక్ నగర్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్‌కు వాచ్‌మన్. పాలమూరు పల్లెలో ఇరవై ఏళ్లు కల్లుగీతకు తాళ్లెక్కిన మనిషి. మోకాళ్లు అరిగి చెట్టెక్కడం మానేసినా, నాలుక పదును మాత్రం తగ్గలేదు. ఒక్క గుక్క నోట్లో తిప్పితే చాలు, ఈతకల్లో తాటికల్లో, పొద్దుటిదో నిన్నటిదో, నీళ్లు కలిశాయో లేదో చెప్పేసేవాడు. అందుకే చిక్కడపల్లి గల్లీలో కల్లు దుకాణం నడిపే ఎల్లేష్ సరుకు దిగగానే ఆయనకు కబురు పెట్టేవాడు.

ఆ మాఘమాసం గురువారం కల్లు నిండిన మట్టి లొట్లు మూడు వరసగా ఉన్నాయి. దాసయ్య నోరు పుక్కిలించి, తాటిరేకను దొన్నెలా మడిచి పట్టాడు. ఎల్లేష్ లొట్టి వంచాడు.

"ఇది ఈత. తెల్లారి దించిందే. మంచిగుంది."

రెండోదాన్ని ఉమ్మేశాడు. "తాటికల్లే గని నీళ్లు వోసిండ్రు. తిప్పి పంపు."

ఆ రెండు లొట్ల చుట్టూ ఈగలు ముసురుతున్నాయి. మూడోదాని మీద ఒక్కటీ వాలలేదు. దాసయ్య దాన్ని పట్టించుకోకుండా గుక్క మింగాడు. ముందు పాలలాంటి తీపి, వెనక రాగి అంచు నాకినట్టు సన్నటి వగరు. రేక చేతిలోంచి జారింది.

ఆ రుచి లోకంలో ఒక్క చెట్టుదే. వాళ్ల ఊరి మోటబావి పక్కన ఉండే తాడిది. దాని మీంచి పడి అన్న పెద్దులు చనిపోయాడు. దినాలైన మర్నాడు దాసయ్యే గొడ్డలి పట్టుకెళ్లి ఆ చెట్టును మొదలంటా నరికాడు. పద్నాలుగేళ్లయింది.

"ఇదెవరు తెచ్చిండ్రు?"

"కొత్తాయన. నలభై ఏండ్లుంటయేమో. 'దాసిగాడు తాగి చెప్తడు తియ్యి' అని, లొట్టి దించి పోయిండు. నీకెరుకున్నోడే అనుకున్న."

దాసిగాడు అని పిలిచింది అన్న ఒక్కడే. పోయేనాటికి ఆయనకు నలభై.

మర్నాడు షటర్ తీయకముందే దాసయ్య వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. పాలబండ్లు పోయాయి. సంచులు తగిలించుకుని లైబ్రరీకి వెళ్లే పిల్లలు పోయారు. కల్లు మోసుకుని ఎవరూ రాలేదు. ఎల్లేష్ వచ్చి తాళం తీసి షటర్ ఎత్తాడు. నేల మధ్యలో నిండు లొట్టి ఒకటి నురగ కక్కుతోంది.

"నేను పెట్టలే," అన్నాడు ఎల్లేష్ మెల్లగా.

దాసయ్య దాన్ని ముట్టుకోలేదు. నారాయణగూడ చౌరస్తా దాకా నడిచి, వదిన బీరమ్మకు ఫోన్ చేశాడు.

"వదినా, ఆ పొద్దు అన్న నా మోకు నడుముకు కట్టుకొని చెట్టెక్కిండు. దాని పోగులు తెగినయని నాకెరుక. ముందటి రోజే చూసిన. పొలం గట్టు కాడ మాకు కొట్లాట అయింది గద, ఆ కోపంల నోరు మూసుకున్న. సస్తడనుకోలే."



"నాకు చెప్తున్నవు," అంది బీరమ్మ. "ఆయనకు చెప్పినవా?"

ఫోన్ పెట్టేసింది.

దాసయ్య వెనక్కి వచ్చి లొట్టి ముందు గొంతుక్కూర్చున్నాడు. ఎల్లేష్ వింటున్నాడని కూడా చూడలేదు. "అన్నా, మోకు సంగతి నాకెరుకనే," అన్నాడు. నురగ చప్పున అణిగిపోయింది. రేకలో వంచుకుని తాగితే ఏ రుచీ తగల్లేదు.

"నీళ్లు," అన్నాడు.

ఎల్లేష్ భయపడుతూనే ఒక చుక్క నాలుక మీద వేసుకున్నాడు. "నీళ్లేందే? ఇంత తియ్యటి కల్లు నేనెన్నడు తాగలే."

ఆ కొత్తాయన మళ్లీ రాలేదు. దాసయ్య నాలుకకు ఇక మిరపకాయా బెల్లమూ ఒకటే అయ్యాయి. ఎల్లేష్ కబురు పెట్టడం మానేశాడు.

ఎండలు ముదిరాక దాసయ్య ఊరెళ్లాడు. బీరమ్మ తలుపు తీసింది. కూర్చోమనలేదు, పొమ్మనలేదు. గ్లాసుతో నీళ్లు తెచ్చి గడప మీద పెట్టింది. ఆయన నిలబడే తాగాడు.