దవాఖాన దుప్పట్లు

మంజీర పొంగి బిచ్కుంద తోవ మీద నాలుగు రోజులు బస్సు నడవని ఏడు, అదే, పోయిన వానాకాలం, నస్రుల్లాబాద్ దిక్కు పొలాల్లో ఇసుక ఇంకా అట్లాగే ఉంది, ఆ ఏడే మా బిడ్డ సుచరిత రాష్ట్ర నర్సుల సంఘానికి అధ్యక్షురాలైంది, ఆ సంగతే తలుచుకుంటూ గోడకు ఆనుకుని కూర్చున్నాను, ఎదురుగా తీగ మీద నా భార్య గంగమణి చీర, కొంగు సరిగ్గా పిండలేదు, ఇంకా నీళ్ళు కారుతున్నాయి, యాభై ఏళ్ళ నుంచి చెబుదామనుకుంటున్నాను, అప్పుడే ఫోను మోగింది, తాతా నేను లతను, హైదరాబాద్ నుంచి, సంఘం ఆఫీసుల పనిచేస్త, అంది ఒక పిల్ల, నర్సులు, ఫార్మసిస్టులు, ల్యాబువాళ్ళు, మన రాష్ట్రంల అన్ని సంఘాల లీడర్ల మీద పుస్తకం వేస్తున్నం, మనిషికొక పేజీ, ఎక్కడ పుట్టిండ్రు, ఎట్ల చదివిండ్రు, అమ్మనాన్నలు ఏం చేసిండ్రు, ఫార్మసిస్టుల లీడరు హరనాథబాబు సార్ వాళ్ళ నాన్న హెడ్‌మాస్టరట, ల్యాబువాళ్ళ లీడరు వాళ్ళ నాన్న డాక్టరట, సుచరిత మేడం ఫారం ఇంకా రాలే, మీటింగుల ఉన్నరు, మీరేం పని చేసేటోళ్ళు తాతా, అని అడిగింది, హెడ్‌మాస్టరు, డాక్టరు, ఆ రెండు మాటలు చెవిలో ఉండగానే నా నోట్లోంచి ఎవుసం అని వచ్చేసింది, మంచిది తాతా అని పెట్టేసింది.

ఎవుసమా, అంది గంగమణి చిక్కుడుకాయలు తుంచుతూ, యాడున్నది నీ పొలం, మీసాల కిందనా, నెలకొక్క మాట మాట్లాడుతవు, గదీ అబద్ధమేనా, అంది, అబద్ధమే, గుంట భూమి లేదు, ముప్పై ఒక్క ఏళ్ళు బాన్సువాడ దవాఖాన బట్టలు ఉతికాను, సైకిలు వెనక మూట, కాలువ గట్టు, బండ, మోకాలి దాకా నీళ్ళు, సుచరితకు ఎనిమిదేళ్ళప్పుడు నాకు సాయం చేద్దామని కాన్పుల వార్డు దుప్పటి మీద కాగిన నీళ్ళు పోసింది, మరక అట్లాగే ఉడికి చాయ్ రంగులో నిలిచిపోయింది, ఏడ్చింది, నెత్తురుకు చల్లనీళ్ళే బిడ్డా, వేడి తగిలితే అది బట్టను ఇడ్వదు, అన్నాను, అంత పొడుగు మాట దానితో మళ్ళీ ఎప్పుడన్నా మాట్లాడానా, లేదనుకుంటా, దాని చిన్న చేతులు నీళ్ళలో నా చేతుల పక్కన తెల్లగా ముడతలు పడి ఉండేవి, ఆ చేతులే నర్సు చదివి అదే దవాఖానకు వచ్చాయి, మొదటి రోజు వరండాలో ఎదురుపడింది, తెల్లబట్టలు, పక్కన డాక్టరమ్మ, ఇద్దరు నర్సులు, నా నెత్తి మీద మూట, మూట వాసన, నన్ను చూసి నవ్వబోయింది, నాయినా అనబోతే నాయి వరకే వచ్చింది నోటికి, నేను గోడకు జరిగి నమస్తే సిస్టరమ్మా అన్నాను, దాని నవ్వు సగంలో ఆగింది, నమస్తే, అని వెళ్ళిపోయింది, అట్లా మూడేళ్ళు, దవాఖానలో సిస్టరమ్మా, ఇంట్లో బిడ్డా, ఎందుకు నాయినా అని ఒక్కనాడు అడగలేదు, తర్వాత నిజామాబాద్‌కు బదిలీ అయి పోయింది, మంచిపనే చేశాను, తోటివాళ్ళ ముందు చిన్నతనం కాకుండా కాపాడాను, అనుకుంటూ ఇన్నేళ్ళు వచ్చాను.

పొద్దు గూకుతుండగా లత మళ్ళీ చేసింది, తాతా మేడం ఫారం వచ్చింది, గిండ్ల వేరే ఉన్నది, చదువుతా వినండి, మా నాయన సమ్మన్న బాన్సువాడ దవాఖాన బట్టలు ఉతికారు, నెత్తురు మరకను చల్లనీళ్ళతో తీయాలని ఎనిమిదేళ్ళప్పుడు నేర్పారు, నర్సు పనిలో నా మొదటి పాఠం అదే, అని చదివి ఆగింది, మీరు ఎవుసం అన్నరని మేడంకు చెప్పిన తాతా, ఇగ మా నాయన ఏం చెప్తే గదే వెయ్యి లతా, ఆయన మాట కొట్టెయ్యకు, నేను రాసింది తీసెయ్, అన్నరు, రేపు పదింటికి ప్రెస్సుకు పోతది, ఏది వెయ్యమంటరు, రేపు చెప్త, అన్నాను.

గంగమణి అంతా విన్నది, చిక్కుడుకాయల గిన్నె పక్కన పెట్టింది, మిగతా వార్డుల నుంచి ఆయా జమునాబాయి ఇచ్చే దుప్పట్లు నెత్తురు ఎండి అట్టలు కట్టి ఉండేవి, కాన్పుల వార్డువి మాత్రం కొన్నేళ్ళు నేను పోయేసరికి బకెట్టులో చల్లనీళ్ళలో నాని ఉండేవి, అది ఇప్పుడెందుకు గుర్తొస్తోందో, పైకే అన్నట్టున్నాను, గంగమణి నా మొహం చూసి, ఎవరు నానబెట్టిండ్రనుకున్నవ్, డాక్టరమ్మనా, అంది, ఆ మూడేళ్ళు గా వార్డుల డ్యూటీ దిగినంక బిడ్డనే నానబెట్టి వచ్చేది, చేతులు పగిలితే కొబ్బరినూనె రాసింది నేను, నీకు చెప్పద్దన్నది, నాయినకు మనసుల బాధైతది అవ్వా అన్నది, అని చీర తీయడానికి లేచింది, నేను అక్కడే కూర్చున్నాను, గోడకు జరిగింది దాని కోసం అనుకున్నాను గదా, అది సిగ్గుపడుతుందేమోనని దాని సిగ్గు కూడా నేనే పడ్డాను, దానికి అసలు లేని సిగ్గు, నవ్వు సగంలో ఆగిన ఆ మొహం గుర్తొచ్చింది, నేను తనను వద్దనుకున్నానని అనుకుందేమో, అయినా మూడేళ్ళు, ఒక్క మాట లేకుండా, రోజూ ఆ బకెట్టులో నాతో మాట్లాడుతూనే ఉంది, నాలాగే, మాట్లాడటం నా దగ్గరే నేర్చుకుంది.

తెల్లారి ఎనిమిదింటికే గంగమణితో లత నంబరు నొక్కించి, రాసుకో బిడ్డా, అన్నాను, ఎవుసం కొట్టెయ్, సుచరిత నాయన దవాఖాన బట్టలు ఉతికిండు, మంచిది తాతా, ఇంకేమన్న రాయాల్నా, అంది లత, కాన్పుల వార్డు దుప్పట్లు మా బిడ్డనే నానబెట్టేది, గది గూడ రాయి, అన్నాను.