ముళ్ళగోరింట నాటిన చోట

పూత రాలిన కొమ్మలను కొడవలితో కోస్తున్నాను. ముళ్ళగోరింటకు ఏటా చివర్లు కోస్తేనే కిందినుంచి గుబురుగా లేస్తుంది, మేక మూతి కూడా దూరదు. సగం వరస అయిందో లేదో, కంచె అవతల ట్రాక్టర్ ఆగింది. ఇసుక దింపారు. మా పెద్దబాపు కొడుకు జీవన్ దారం పట్టించి, కంచెను ఆనుకుని సున్నం గీత పోయించాడు.

"ఏందన్నా గిది?" అన్నాను.

"పునాది. ఇల్లు కడుతున్నం. కోరుట్ల నుంచి మేస్త్రీలు అచ్చిన్రు."

"మీ జాగ హద్దురాయి దాకనే గదా. ఇటంత మాది."

"రాయా? ఏది, చూపెట్టు!" అని నవ్వాడు.

చూశాను. కంచె అవతల రాయి ఉండాల్సిన చోట మట్టి కొత్తగా చదును చేసి ఉంది.

కంచెకూ ఆ రాయికీ నడుమ జాగాలోనే మా బాపు గది కట్టాలనుకున్నాడు. రాయికల్ దగ్గరి ఈ ఊళ్ళో మాకున్నది ఒకటే గది. అమ్మ బీడీలు చుట్టేదీ, వండేదీ, మేం పడుకునేదీ అందులోనే. ఇంకొక గది కోసమే బాపు మస్కట్ పోయాడు. "అచ్చినంక మొదలు గదే" అని ప్రతి ఫోన్‌లోనూ అంటాడు.

కంచె ఆలోచన బాపు అన్న బుచ్చన్నది, అంటే మా పెద్దబాపుది. బాపు వెళ్ళిన ఏడు పెరట్లో ఏం పెట్టినా మేకలు తినిపోతున్నాయి. ఆయనే వీర్నపల్లిలో బిడ్డ ఇంటికి పోయినప్పుడు గుట్ట కింద కొమ్మలు కోసి, తడిగోనెలో చుట్టి తెచ్చాడు.

"దీనికి నీళ్ళతోటి పని లేదు బిడ్డా. ఒక్క ఎండకాలం గట్టెక్కియ్యి, చాలు."

హద్దురాయి వెంట నాటబోతే ఆపాడు. "గాడ అడుగున బండ ఉంది, ఏర్లు దిగయ్. ఇటు జరుగు" అని గడ్డపారతో మా ఇంటివైపు గీత గీశాడు. ఆ గీత మీదే నాటాను. ఎండాకాలమంతా గిన్నెలు కడిగిన నీళ్ళు చెంబుతో మొదలు మొదలుకూ పోశాను. చేతులనిండా గీరుడే. వానలు పడ్డాక పట్టుకున్నాయి. కార్తీకంలో పసుపుపచ్చగా పూశాయి.

పెద్దబాపు రోజూ సాయంత్రం వచ్చేవాడు. కంచె పొడుగునా నడిచి చూసి, పన్ను సలిపితే నాలుగు ఆకులు నమిలి, అమ్మ ఇచ్చిన చాయ తాగి పోయేవాడు. "మా వందన చెయ్యి పెడితే ముండ్లు గూడ పూస్తయ్" అని ఊరంతా చెప్పుకున్నాడు.

అలా చెప్పుకున్నదే ఇప్పుడు నాకు అడ్డం తిరిగింది.

అమ్మ వెళ్ళి ఊరి పెద్దమనిషి బాలరాజును పిలుచుకొచ్చింది. పెద్దబాపు కూడా వచ్చి నిలబడ్డాడు.

"కంచె ఎవలు నాటిన్రు బిడ్డా?" అని బాలరాజు అడిగాడు.

"నేనే. పెద్దబాపు గీత గీస్తే..."

"నేను కొమ్మలు తెచ్చిచ్చిన," అన్నాడు పెద్దబాపు నా వైపు చూడకుండా. "కొమ్మలు తెచ్చుడు గూడ తప్పేనా బాలన్నా? గీత అంటది, గీకుడు అంటది, నాకేం ఎరుక!"

"ముండ్లు పెట్టినకాడనే హద్దు. మనూరి రివాజు గదే," అని బాలరాజు అమ్మ వైపు తిరిగాడు. "ఇన్నొద్దులు నువ్వు గూడ ఏమనకపోతివి."

"ఇంటి మనిషిని ఏమంటం?" అంది అమ్మ.

అక్కడే బాపుకు ఫోన్ కలిపింది. బాపు అంతా విన్నాడు.

"అన్న అట్ల చెయ్యడే. పిల్ల తెల్వక లోపలికి నాటి ఉంటది. ఆయనతోటి లొల్లి పెట్టుకోకున్రి."

అమ్మ ఫోన్ పెట్టేసింది. పోయి బీడీ చాట ముందర కూర్చుంది.

మధ్యాహ్నం తవ్వకం మొదలైంది. నేను గడపలో కూర్చుని తునికాకు కత్తిరిస్తూ చూస్తున్నాను. గడ్డపార వేసిన ప్రతిసారీ ఠంగుమంటుందని చెవులు రిక్కించాను. అనలేదు. మెత్తగా దిగింది. మనిషి నడుం లోతుకు దిగినా అంతా ఎర్రమట్టే. బండ కాదు కదా, గుప్పెడు గులకరాళ్ళు కూడా పడలేదు. నా చేతిలో కత్తెర ఆగిపోయింది.

సాయంత్రం పెద్దబాపు ఎప్పటిలాగే లోపలికి వచ్చి, దవడ పట్టుకుని గోడవార కూర్చున్నాడు.

"వందనా, నాలుగు ఆకులు తెంపుక రా బిడ్డా. పొద్దటి సంది పన్ను పాణం తీస్తుంది. ఇల్లయినంక నీ కంచెకు పైపు ఏపిస్త. చెంబులు మోసుడు తప్పుతది."

"దీనికి నీళ్ళతోటి పని లేదంటివి గదా," అన్నాను.

ఆకులు తెంపి తెచ్చి ఆయన అరచేతిలో పెట్టాను. రెండు నోట్లో వేసుకున్నాడు. అమ్మ చాయ పెట్టలేదు, చాటలోంచి తలెత్తలేదు.

"పెద్దబాపూ, అడుగున బండ లేదు."

ఆయన నములుతూనే ఉన్నాడు.

"గీత గీసిన్నాడే అనుకున్నవా? లేకుంటే తర్వాత మనసుల పడ్డదా?"

తర్వాతే అంటే చాలనిపించింది. అబద్ధమైనా నమ్మేదాన్ని.

నమలడం ఆగింది. మిగిలిన ఆకులు కింద పెట్టాడు. లేచి, తువ్వాల భుజాన వేసుకుని, గుమ్మంలో చెప్పులు తొడుక్కుని, వెళ్ళిపోయాడు.