జరీ అంచు ఉయ్యాల

రాగిజావ చల్లారిందో లేదో వేలితో చూసుకుని చంటి నోటికి చెంచా అందించింది భూలక్ష్మి. చెవులు మాత్రం గేటు పక్కనున్న వాచ్‌మన్ గది మీదే ఉన్నాయి. ఫిల్మ్ నగర్ వైపు దిగే ఆ వీధిలో కార్లు పోతున్నంతసేపూ కాస్త ధైర్యం. చప్పుడు ఆగితే చేతిలో చెంచా కూడా ఆగుతోంది.

చంటి ఆ ఇంటి మేడమ్ శారదాదేవిగారి మనవడు. వాడి ఈడుదే భూలక్ష్మి కూతురు చిన్ని, ఏడో నెల. పనివాళ్ల పిల్లలు గేటు దాటి రాకూడదని ఆ ఇంట్లో కట్టడి. బిడ్డను ఊళ్లో అమ్మ దగ్గర వదిలానని చెప్పి పనిలో చేరింది. అమ్మ పోయి రెండేళ్లయింది. మూడు నెలలుగా, మేడమ్ లేవకముందే చిన్నిని తెచ్చి వాచ్‌మన్ తిరుమలేశ్ గదిలో పడుకోబెడుతోంది. మేడమ్ దసరాకిచ్చిన పాత పట్టుచీరే అక్కడ ఉయ్యాల.

పదకొండింటికి జాయ్స్ వచ్చింది. సోషల్ వర్క్‌లో పీహెచ్‌డీ చేస్తున్న పిల్ల. జూబ్లీ హిల్స్ ఇళ్లలో ఆయాల గురించి రాస్తోందట. పావుగంట మాట్లాడుకోవడానికి మేడమ్ ఒప్పుకుంది. జాయ్స్ ఊరు, చదువు అన్నీ అడిగింది. ఏడో తరగతిలో ఆపేశానని భూలక్ష్మి చెప్పింది. పిల్లలెక్కడున్నారని అడిగితే "ఊర్ల, మా అమ్మ కాడ" అంది.

అప్పటికే చిన్నికి పాలవేళ దాటింది. రవిక తడిసింది. కొంగు లాక్కునేలోపే జాయ్స్ చూసేసింది. పెన్నుకు మూత పెట్టింది. దాంతో భూలక్ష్మికి ఇంకా భయమేసింది.

"నీకెందుకమ్మా మా ముచ్చట? మేడమ్‌కు చెప్పనీకా?"

జాయ్స్ గొంతు తగ్గించింది. "మా అమ్మ అంతోనమ్మది గుంటూరు వైపు. ఈ వెనక వీధిలోనే ఆయాగా చేసిందక్కా. నన్ను జనరేటర్ గదిలో దాచేది. కరెంటు పోతే ప్రభువుకు స్తోత్రం చెప్పుకునేదంట, ఆ మోతలో నా ఏడుపు వినపడదని."

"గందుకేనా గింత సదువు?"

"ఒకళ్ల పిల్లల్ని ఎత్తుకునేవాళ్ల సొంత పిల్లలు పగలంతా ఎక్కడుంటారా అని. పద్నాలుగు మందిని అడిగాను. అందరి పిల్లలూ ఊళ్లోనే ఉన్నారట."

సరిగ్గా అప్పుడే గేటు వైపు నుంచి సన్నగా ఏడుపు లేచింది. మేడమ్ బాల్కనీలోకి వచ్చి, ఎవరే ఏడ్చేది, చంటేనా అని అడిగింది. చంటి చెంచా నాకుతూ నవ్వుతున్నాడు. భూలక్ష్మి గేటు వైపు చూడకుండా వాడి మూతి తుడిచింది.

"నా ఫోనండీ," జాయ్స్ సంచి తడుముకుంది. "పసిపిల్లల ఏడుపుల రికార్డింగ్. చదువు కోసమండీ."

"ఏం చదువులో ఏంటో" అనుకుంటూ మేడమ్ లోపలికి వెళ్లిపోయింది.

భూలక్ష్మి చంటిని చంకనేసుకుని వాచ్‌మన్ గదికి పరుగెత్తింది. చిన్ని పాలు తాగుతుంటే జాయ్స్ తన తల్లికి ఫోన్ చేసింది. అంతోనమ్మ ఇప్పుడు రహమత్ నగర్‌లో, భూలక్ష్మి ఉండే గల్లీకి దగ్గర్లోనే, పనికెళ్లే తల్లుల పిల్లల్ని చూస్తోంది. సాయంత్రం బిడ్డతో పాటు భూలక్ష్మినీ తీసుకురమ్మంది. ముందు ఇల్లు చూసుకోమను, మనసు ఒప్పితేనే బిడ్డను వదలమను అందట. ఆ మాటకే భూలక్ష్మికి సగం బరువు దిగింది.

ఆరింటికి ముగ్గురూ బయల్దేరారు. గేటు దగ్గర భూలక్ష్మి ఆగింది.

"రాసుకో చెల్లె. ఊర్ల లేదు, గేటు కాడనే ఉండె అని రాయి. పేరు మాత్రం మార్చు."

రేపటి నుంచి మధ్యాహ్నం హాయిగా కునుకు తీస్తానని తిరుమలేశ్ అన్నాడు. అంటూనే చిన్ని పాదాన్ని ఒకసారి పట్టుకుని వదిలాడు. వాళ్లెక్కిన ఆటో మలుపు తిరిగేదాకా గేటు వేయలేదు.

అతని గదిలో, కిటికీ ఊచలకు కట్టిన పట్టుచీర ఉయ్యాల, జరీ అంచు మీద పాలమరకతో, ఖాళీగా ఊగుతోంది.