రాతి మీద కొడుకు పేరు

సముద్రంలోకి చొచ్చుకుపోయిన రాళ్లదిబ్బ మీద, పాత స్మారకం ముందు, నాగులమ్మ కొంగు నడుముకు దోపుకుని నిలబడింది. రాతి మీద ఇంగ్లీషులో రెండు పేర్లున్నాయి. రెండోది ఆమె కొడుకుది. ఆ కొడుకు, వడమాలపేట బడిపంతులు మునిశేఖర్, నిక్షేపంగా ఆమె పక్కనే ఉన్నాడు.

డెబ్బై ఒకటి యుద్ధంలో ఒక విమానం ఈ దిబ్బకు తగిలి నీళ్లలో పడింది. నాగులమ్మ మొగుడు తెప్ప వేసుకుపోయి ఇద్దరిని ఒడ్డుకు చేర్చాడు. మూడో మనిషి కోసం మళ్లీ పోయాడు. ఈసారి అతనూ రాలేదు, ఆ మూడో మనిషీ రాలేదు. అతని శవం దొరకలేదు. స్మారకం కోసం పేరు రాసుకోవడానికి వచ్చిన గుమాస్తాతో ఆమె, "మా మునిశేఖర్ వాళ్ల నాయన," అంది. మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని అత్త చెప్పింది. అతను తిరిగొస్తాడనే ఆమె నమ్మకం. తెలుగు రాని గుమాస్తా, వినిపించిన ఆ ఒక్క పేరే రాసుకుపోయాడు.

పెద్దయ్యాక ఆ తప్పు చదివింది మునిశేఖరే. ఇరవై ఏళ్లు అర్జీలు పెట్టాడు. ఇప్పటికి కొత్త రాయి వచ్చింది.

"పాత కాగితంలో ఉండేది నీ మాటే అవ్వా. నువ్వే సరిజెయ్యాల," అన్నాడు ఆఫీసరు అమర్‌నాథ్. ఆయనది పూతలపట్టు. "పేరు సెప్పు."

"వీడి నాయన."

"ఆ మాటే గదా మునుపు కొంప ముంచింది."

"నేను రాసిస్తాను సార్," అన్నాడు మునిశేఖర్.

"నువ్వుండు శేఖరా." నాగులమ్మ నీళ్ల వైపు తిరిగింది. "యాభై నాలుగేండ్లు కాసుకున్న్యా. ఇంగ ఆయనకి తగ్గేదానికి ఆయుసు యాడుండాది?"

నాలుగడుగులు ముందుకు వేసి, అలల మీదుగా పిలిచింది.

"మునెయ్యా!"

కింద వలలు బాగుచేసుకుంటున్నవాళ్లు లేచి నిలబడ్డారు. ఆమె మళ్లీ పిలిచింది. మూడోసారి వాళ్లూ గొంతు కలిపారు. మునిశేఖర్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అమ్మ నోట ఆ పేరు అతను వినడం అదే మొదలు.

"లోతుగా కొట్టు గిరీ," అంది నాగులమ్మ, కొత్త రాయి దగ్గర ఉలి పట్టుకున్న శిల్పితో. "ఉప్పుగాలికి సెరిగిపోతే మళ్లా సెప్పేదానికి నేనుండను."

పొద్దు వాలేసరికి తెలుగులో పేరు తయారైంది. చదువురాని తల్లి వేలు పట్టుకుని, మునిశేఖర్ ఒక్కో అక్షరం దిద్దించాడు. రెండోసారి సగంలోనే ఆమె ఆపింది.

"వచ్చేసిందిలే అబ్బా. సెయ్యి ఇడువు."