మూడు చోట్లా అదే

పాత సర్వర్ అంచుకు బట్టలారేసే ఎర్ర క్లిప్పు తగిలించి, వెనక్కి జరిగి చూశాడు. మళ్ళీ ముందుకొచ్చి, ఊడుతుందేమోనని లాగి చూశాడు. ఊడలేదు. ఆసుపత్రి అట్టడుగున, కిటికీ లేని ఆ గదిలో, ఇనుప చట్రంలో ఒకదాని మీద ఒకటిగా మూడు నల్లటి సర్వర్లున్నాయి. మూడింటిదీ ఒకే పోలిక. రోగుల వివరాలన్నీ ఉన్నది మాత్రం క్లిప్పున్న దానిలోనే. మిగతా రెండూ కొత్తవి, ఖాళీవి.

ఆసుపత్రిలో అందరూ అతన్ని 'మళ్ళీచూడు' అంటారు. అక్కడి కంప్యూటర్లు చూసుకునే సన్నటి మనిషి, యాభై దాటాయి. చూపుడువేలి గోరు కొరికి కొరికి సగమైంది. తాళం వేశాక వెనక్కొచ్చి లాగి చూడనిదే మెట్లెక్కడు. ఆ అలవాటు అక్క చేసింది. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆవిడే. గ్యాస్ కట్టేశానంటే నమ్మేది కాదు, "మళ్ళీ చూడరా" అని వంటింట్లోకి తరిమేది. ఎర్ర క్లిప్పు కూడా ఆవిడ దండెం మీదిదే.

ఆ అక్క గుండె ఆపరేషన్ చేయించుకుని ఇప్పుడు పై అంతస్తులో ఉంది. ఆవిడ కూతురు పక్కనే కూర్చుంది. పొద్దున అతను మంచం దగ్గర నిలబడి దుప్పటి కొస నలుపుతుంటే అక్క కసురుకుంది.

"నా మొహంలో ఏం కనపడుతోందిరా? వెళ్ళి పని చూసుకో."

"ఇవాళ్టికి ఇక్కడే ఉంటానక్కా. పని రేపు చేస్తాలే."

"రేపటిదాకా ఆగుతుందా నీ మిషను?"

ఆగదు. రెండు రోజులుగా పాత సర్వర్‌లో డిస్క్ పాడవబోతున్నట్టు టిక్కుటిక్కుమంటోంది. రాత్రి తీసిన కాపీ ఉందన్న మాటేగాని, పొద్దున్నుంచి వార్డుల్లో రాసినదంతా, ఎవరికి ఏ మందు పడదో, ఎవరికి ఏ రక్తం ఎక్కించాలో, ఆ టిక్కుటిక్కుల్లోనే ఉంది.

పని కొంచెమే, భయం మాత్రం బండెడు. మూడు లినక్స్ సర్వర్లనూ ఒక జట్టుగా కట్టాలి. అప్పుడు ఒకదానిలో రాసింది మిగతా రెండింటిలోనూ పడుతుంది. ఒకటి చచ్చినా రెండు బతికుంటాయి. అయితే జట్టులో ముందు లేచిందే పెద్ద. తర్వాత వచ్చి చేరినవి తమ దగ్గరున్నదంతా తుడిచేసుకుని, పెద్దదాన్ని చూసి రాసుకుంటాయి. పొరపాటున ఖాళీదాన్ని ముందు లేపితే, నిండుగా ఉన్నది బుద్ధిగా వచ్చి తనను తాను ఖాళీ చేసుకుంటుంది. ఎందుకని అడగదు. ఆ వినయమంటేనే అతనికి భయం.

ఫోన్ సైలెంట్‌లో పెట్టి సొరుగులో పడేశాడు. ఇలాంటి పని మధ్యలో అది మోగితే ఉలిక్కిపడి ఎంటర్ నొక్కేస్తానేమోనని ఎప్పుడూ అంతే చేస్తాడు. ఇంతలో ఆసుపత్రి పాలన చూసే ఆఫీసరమ్మ తలుపు తోసుకుని తొంగి చూసింది.

"కంప్యూటర్లు కాసేపు పనిచేయవని వార్డులకి చెప్పేశాను. త్వరగా కానివ్వండి."

"తొందరపెట్టకండి మేడమ్. అన్నీ రెండుసార్లు చూసుకోవాలి."

"మీరెప్పుడు చూసుకోరు కనుక?" నవ్వి వెళ్ళిపోయింది.

పాతదానిలో రోగుల వివరాలుండే డేటాబేస్ ఆపాడు. తెర మీద ఒక్కో సర్వర్‌కి ఒకటి చొప్పున మూడు నల్లటి కిటికీలు. జట్టును మొదలుపెట్టే కమాండ్ కొట్టి, ఎంటర్ మీద వేలు పెట్టి, అలవాటుగా మళ్ళీ చూశాడు. కిటికీ మూల రెండో సర్వర్ పేరుంది. ఖాళీదాని పేరు.

పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ అక్షరాలన్నీ ఒక్కొక్కటే చెరిపేశాడు. చేతులు చంకల్లో దోపుకుని కీబోర్డుకు దూరంగా జరిగి కూర్చున్నాడు. తర్వాత లేచి వెళ్ళి, క్లిప్పున్న సర్వర్ మీద అంటించిన పేరు పైకి చదివి, వచ్చి తెర మీద అదే పేరున్న కిటికీలో కమాండ్ కొట్టి, ఎంటర్ నొక్కాడు.

పాతది లేచింది. పైన వార్డుల్లో మళ్ళీ రాసుకోవడం మొదలైంది. రెండోదాన్ని లేపితే అది పాతదాన్ని చూసి రాసుకోసాగింది. టిక్కుమన్నప్పుడల్లా అతను తల తిప్పి పాతదాన్ని చూశాడు. ఆ తర్వాత మూడోది. మధ్యాహ్నం దాటాక జట్టులో ఎందరున్నారని అడిగితే, ముగ్గురమని మూడూ చెప్పాయి. చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

ఇక పరీక్ష ఒక్కటే మిగిలింది. ఏదో ఒక రోగి వివరం మూడింటిలోనూ ఒకేలా ఉందో లేదో చూడాలి. అతనికి నోటికొచ్చిన రోగి నంబరు ఒక్కటే. పొద్దున అక్క మణికట్టు పట్టీ మీద రెండుసార్లు చదివాడు. పాతదానిలో ఆ నంబరు కొట్టాడు. అక్క పేరు, వయసు, ఆపరేషన్ వివరం వచ్చాయి. వాటి కింద, ఇందాకే నర్సు రాసిన వరుస ఇది: గుండె ఆగింది. ప్రయత్నించాం. మరణించారు.

డిస్క్ పాడైందనుకున్నాడు. కాపీలో ఏదో తేడా వచ్చిందనుకున్నాడు. తన పనిలో తప్పు దొర్లాలని బతుకులో మొదటిసారి కోరుకున్నాడు. మళ్ళీ చూడరా, అని అక్క చెవిలో అన్నట్టే అయింది. రెండోదానిలో చూశాడు. అదే ఉంది. మూడోదానిలో చూశాడు. అక్షరం పొల్లుపోకుండా అదే ఉంది.

సొరుగు లాగి ఫోన్ తీశాడు. మేనకోడలు ఎన్నిసార్లు చేసిందో, తెర నిండా ఆ పిల్ల పేరే. మెట్ల వైపు నడిచాడు. ఆ గదికి తాళం వేయలేదు, వెనక్కొచ్చి చూడనూ లేదు.

తెరిచిన తలుపులోంచి వచ్చిన గాలికి పాత సర్వర్ వైర్లు కొద్దిగా ఊగాయి, దాని అంచున ఎర్ర క్లిప్పు మాత్రం పట్టిన పట్టు విడవకుండా ఉంది.