పొగగొట్టంలో ఎవారిస్తో

ఎదెల్మీరా బార్రియా నోటికి జడిసి మా వీధి కుక్కలు కూడా ఆమె గేటు ముందు మొరిగేవి కావు. భర్త ఎవారిస్తో బతికున్నన్నాళ్ళూ ఆ నోటికి అతనొక్కడే బలి. చేపల పడవతో పాటు అతను సరస్సులో మునిగిపోయాక, శవం కూడా దొరక్కుండా పోయాక, ఆ నోరు మా అందరి మీదా పడింది. పక్కింటిదాన్ని కాబట్టి నా వాటా కొంచెం ఎక్కువ.

ఎవారిస్తోకి ఒక పిచ్చి ఉండేది. ఒడ్డుకు కొట్టుకొచ్చిన సైప్రస్ దుంగ ఒకదాన్ని ఎద్దులతో లాగించి తెచ్చి కట్టెల కొట్టంలో దాచుకున్నాడు. ముందు గదిలో చలిమంట గూడుకున్న ఇటుకలు పీకించి, కొండరాయితో కట్టించి, గూటి మీద అడ్డంగా ఆ దుంగను బెరడుతో సహా పెట్టించాలని అతని కోరిక.

"ఒక మొద్దుతో కాపురం చేస్తున్నది చాలదా? ఇంకో మొద్దుని తెచ్చి గదిలో పెట్టుకోవాలా?" అనేది ఎదెల్మీరా. అతను నవ్వేసి ఊరుకునేవాడు.

అలాంటిది, అతను పోయిన రెండో ఏడు, చలి మొదలవకముందే గుమెర్సిందో మేస్త్రిని పిలిపించి సరిగ్గా అదే పని చెప్పింది. ఎందుకని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. నాకు మాత్రం అర్థమైంది.

రాతిపనిలో గుమెర్సిందోని మించినవాడు మా దక్షిణాన లేడు. మనిషి మాట్లాడడు, రాయిని మాత్రం చేతిలో తిప్పి తిప్పి చూస్తాడు. ఆయనకు రాళ్ళు మోసింది మా ఆయన రానుల్ఫో. ఒడ్డున రాళ్ళు కుప్పలుగా ఉన్నా మేస్త్రి ముట్టుకోలేదు, తడి పీల్చిన రాయి మంట తగిలితే పేలుతుందని. అంతా కొండ మీంచి దింపించాడు. గోడలో ఇనప చువ్వలు పాతి, దుంగకి వెనక బెజ్జాలు తొలిచి, ఇద్దరూ కలిసి దాన్ని ఆ చువ్వల్లోకి దిగ్గొట్టారు. చిత్రిక పట్టలేదు, నూనె మాత్రం రాశారు. చూడటానికి వెళ్ళిన నేను గుమ్మంలోనే ఆగిపోయాను, అంత బాగుంది.

ఆ రోజు చర్చి ఆడవాళ్ళు కూడా వచ్చారు. మేస్త్రి నిచ్చెన మీద సందులు పూడుస్తున్నాడు. వాళ్ళలో ఒకావిడ పనితనం మెచ్చుకుంది. మెచ్చుకోలు తన ఇంట్లో ఇంకొకరికి దక్కితే ఎదెల్మీరా ఓర్చుకోలేదు.

"ఏం పనితనంలెండి," అంది అందరికీ వినపడేలా. "అంత చేతనైనవాడైతే భూకంపంలో వాళ్ళావిడ ఆయన కట్టిన పొగగొట్టం కిందే ఎందుకు పోతుంది?"

నిచ్చెన మీద తాపీ కాసేపు ఆగి, మళ్ళీ కదిలింది. ఆ మాట అన్నందుకు ఆమె చెంప పగలగొట్టాలనిపించింది నాకు. ఇప్పటికీ అనిపిస్తుంది.

మా వైపు పొగగొట్టం పని పూర్తయితే ఇంటివాళ్ళు పనివాళ్ళకి గొర్రెపిల్లను కాల్చి విందు పెట్టాలి. ఎదెల్మీరా ఎండిపోయిన రొట్టె, చల్లారిన టీ పెట్టి పంపించింది. ఆ సాయంత్రం మా ఆయన పొట్ట పట్టుకుని నవ్వుతూ ఇంటికొచ్చాడు.

"మేస్త్రి సీసా పెట్టేశాడే! అడుగు ఊడగొట్టి, మూతి పడమటి గాలికి తిప్పి, పొగగొట్టం పైన రాళ్ళ మధ్య పూడ్చేశాడు. ఇక చూస్కో, ఆవిడ గూడు ఎట్లా ఏడుస్తుందో!"

విందు ఎగ్గొట్టినవాళ్ళకి మేస్త్రులు వేసే శిక్ష అది. గాలి వీస్తే సీసా ఊళ వేస్తుంది. ఇంటివాళ్ళు సిగ్గుపడి గొర్రెపిల్లను కోస్తారు, మేస్త్రి పైకెక్కి సీసా తీసేస్తాడు. విందు అయిందంటే సీసా పోవాలి, అది లెక్క. ఈ ఆచారం ఎదెల్మీరాకీ తెలుసు. చిన్నప్పుడు పాదిరీ గారి పొగగొట్టం ఊళ వేస్తే అందరితో పాటు తనూ నవ్వింది.

పడమటి గాలి మొదలైన మధ్యాహ్నం నేను పనిగట్టుకుని, పిండి అప్పడిగే వంకతో వెళ్ళాను. అబద్ధమెందుకు, ఆమె ముఖం మాడిపోతే చూద్దామనే వెళ్ళాను. ఎదెల్మీరా గూటి ముందు పీట వేసుకుని కూర్చుని ఉంది. పైనుంచి సన్నగా, పొడుగ్గా ఒక ఈల వస్తోంది. ఆమె చెంపలు తడిసి ఉన్నాయి.

"విన్నావా నెల్లీ?" అంది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. "పడవ ఒడ్డుకి తిప్పేటప్పుడు ఇట్లాగే ఈల వేసేవాడు. కెటిల్ పొయ్యి మీద పెట్టమని. వచ్చాడే. వాడి దుంగ వాడు చూసుకోవడానికి వచ్చాడు."

ఆమె దుంగ మీద చెయ్యి వేసి నిమిరింది.

"నువ్వన్నదే నిజం, ఎవారిస్తో," అని గూటిలోకి వంగి చెప్పింది. "బాగుంది. చాలా బాగుంది. నేనే ఒప్పుకోలేదు."

ఆ తర్వాత ఎదెల్మీరా మారిపోయింది. గాలి రాగానే రెండు గిన్నెల్లో మాతే తేనీరు సిద్ధం చేసేది, ఒకటి తనకి, ఒకటి అతనికి. వీధిలో నన్ను "అమ్మా నెల్లీ" అని పిలిచేది. ఊరికి ఈ సంగతి పాకింది. ఆ పొగగొట్టం వినడానికి జనం వంతులేసుకుని వెళ్ళడం మొదలుపెట్టారు.

"ఏమంటున్నాడు దోన్యా ఎదెల్మీరా, మీ ఆయన? అక్కడ చేపలు పడుతున్నాయంటా?"

"మా తాతని అడిగానని చెప్పమనండి!"

ఆమె వెటకారం పట్టించుకోలేదో, పట్టనట్టు ఊరుకుందో, వచ్చినవాళ్ళందరికీ వేడివేడి రొట్టె పెట్టేది. అది తిని, వీధి మలుపు తిరగ్గానే పడీ పడీ నవ్వేవాళ్ళు, సిగ్గులేని మొహాలు. ఇక ఉండబట్టలేక నేను మేస్త్రి దగ్గరికి వెళ్ళాను.

"ఇక చాల్లెండి మేస్త్రీ."

"విందు పెట్టనీ, తీసేస్తా."

"తియ్యమని కాదు. విందు పెట్టినా ఉంచెయ్యమంటున్నా. నోరు మూసుకుని అలా వదిలెయ్యండి."

ఆయన తాపీని గోనెగుడ్డతో తుడిచాడు. తుడవడం అయినా తుడుస్తూనే ఉన్నాడు.

"మా ఆవిడ ఎందులోంచీ పలకలేదు నాకు," అన్నాడు.

అప్పుడు నాకు భయం వేసింది. ఎదెల్మీరా పిసినారితనం ఒక్కటే ఎవారిస్తోని కాపాడుతోందని అర్థమైంది. ఆ వారంలోనే ఆమె కంచె దగ్గరికి వచ్చింది, ముఖం వెలిగిపోతూ.

"ఆదివారం గొర్రెపిల్లను కాలుస్తున్నా. అందరూ రావాలి. మేస్త్రిని నేనే వెళ్ళి పిలిచొచ్చా. నోరు జారానయ్యా, క్షమించమని కూడా అడిగా."

"ఏమన్నాడు?"

"వస్తానన్నాడు."

"ఇప్పుడెందుకు దోన్యా? గొర్రెపిల్లలింకా ఎదగనే లేదు. వేసవికి చూద్దురుగాని..."

"పిచ్చిదానా! ఆయన కట్టబట్టే కదా నా మొగుడు ఇల్లు చేరాడు!"

ఎందుకొద్దో చెప్పాలంటే సీసా సంగతి చెప్పాలి. చెబితే నేనే ఆమె మొగుణ్ణి ఇంకోసారి ముంచినట్టు. ఏం చెయ్యమంటారు?

ఆదివారం గాలి బలంగా వీచింది. ఈల గదంతా నిండింది. మేస్త్రిని దుంగ పక్కన, మంచి కుర్చీలో కూర్చోబెట్టి, మొదటి ముక్క, పక్కటెముకలది, తనే కోసి పెట్టింది ఎదెల్మీరా. అందరూ తింటూ మేస్త్రి వైపే ఓరగా చూస్తున్నారు. ఆయన సగం తిని, పళ్ళెం పక్కన పెట్టి, మూతి తుడుచుకుని లేచాడు.

"విందు ముట్టింది, దోన్యా. ఇక మా లెక్క ప్రకారం సీసా తీసెయ్యాలి."

ఎవడో కిసుక్కున నవ్వాడు. ఎదెల్మీరా చేతిలో కత్తి అలాగే ఉంది.

"ఏ సీసా?"

"పైన ఈల వేస్తున్నది."

ఆమె గూటి వైపు చూసింది, మా వైపు చూసింది. మా అందరి ముఖాల్లోనూ జవాబు ఉంది. ఆమె అరుస్తుందని, తిడుతుందని అనుకున్నాను.

"సీసా అయితే సీసానే," అంది మెల్లగా. "ఉండనీ, మేస్త్రీ."

"విందు తిన్నాక ఉంచకూడదు." ఆయన ఇనప చువ్వ తీసుకుని బయటికి నడిచాడు. నిచ్చెన గోడకి తగిలిన చప్పుడు అయింది.

"అయితే ఇది విందు కాదు!" అంటూ ఎదెల్మీరా మా మీద పడింది. మేస్త్రి వదిలిన పళ్ళెం తీసుకుని, మా చేతుల్లోంచి పళ్ళేలు లాక్కోవడం మొదలుపెట్టింది. "తినకండి! ఎవరు తినమన్నారు మిమ్మల్ని? దించండి! విందు పెట్టలేదు మేస్త్రీ! నేనేం పెట్టలేదు! నేను పిసినారిదాన్ని, ఊరంతా ఎరుగుదురు, అడుగు వీళ్ళని!"

నా పళ్ళెం నేనే ఇచ్చేశాను. కొందరు నవ్వుతూ ఇచ్చారు, ఒకడు నోట్లో ముక్కను గబగబా మింగాడు. పైన చువ్వ రాయికి తగిలింది. ఈల ఒక్కసారి పెద్దదై, తెగిపోయింది. గాజు పెంకులు జలజలా రాలి మంటలో పడ్డాయి.

ఎదెల్మీరా గూటి ముందు నిలబడిపోయింది, దొంతరగా పేర్చిన మా పళ్ళేలు గుండెకి ఆనించుకుని. పొగ చక్కగా పైకి లాగుతోంది. మేస్త్రి దిగి వచ్చి, ఆమె చేతుల్లోని దొంతరలోంచి తన పళ్ళెం వెతికి తీసుకుని, కుర్చీలో కూర్చుని మిగిలిన సగం తిన్నాడు.